కొత్త ఆట పేరెత్తితే మా గ్రూపు బెదిరిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేం ఐదుగురు స్నేహితులం. నాలుగేళ్లుగా ప్రతి శనివారం రాత్రి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆడుతున్నాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, బల్ల చుట్టూ కూర్చుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట ఇది. మొదటి రోజు నుంచీ డీఎం, అంటే కథ నడిపించి ఆడించేవాణ్ణి, నేనే. ఈమధ్య వేరే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు కూడా ఆడాలనిపించి, రూల్‌బుక్కులు కొని చదివి, రెండు ఆటలు ఆడించాను. రెండూ బెడిసికొట్టాయి.

మొదటిది కాల్ ఆఫ్ కుథూలు అనే భయం కథల ఆట. పాడుబడ్డ ఇంట్లో కింది గది తలుపు వెనక ఏదో గీకుతున్న చప్పుడు వినపడగానే ఇద్దరు తుపాకులు పట్టుకుని లోపలికి దూరిపోయారు. పది నిమిషాల్లో ఇద్దరి క్యారెక్టర్లూ పోయాయి. అంతకుముందు ఒక ఉత్తరం దొరకాల్సిన చోట నలుగురికీ డైస్ తప్పడంతో గంటసేపు కథ కదల్లేదు. రెండోది బ్లేడ్స్ ఇన్ ద డార్క్. దొంగతనాల ఆట కదా, హుషారుగా ఉంటుందనుకున్నాను. రెండు గంటలు ప్లాన్ వేస్తూనే కూర్చున్నారు. తీరా ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అందరికీ నిద్రొచ్చేసింది. మాలో ఒకడు క్యారెక్టర్ షీట్‌ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పడేసి, 'ఇక మన ఆట మనం ఆడుకుందాంరా' అన్నాడు.

నాకేమో డీ అండ్ డీ విసుగొచ్చేసింది. శుక్రవారం రాత్రి ఒంటిగంట దాకా మ్యాపులు గీస్తూ ఎందుకిదంతా అనుకుంటున్నాను. వాళ్లకేమో కొత్త ఆట అంటేనే టెన్షన్. గ్రూపు వదిలేసి కొత్తవాళ్లను వెతుక్కోవాలా? ఇంకో ఆటతో ప్రయత్నించాలా? ఏ ఆట బాగుంటుంది?

(పేరు వద్దన్న ఒక పాఠకుడు)

సమాధానం: గ్రూపు వదిలేయకండి. నాలుగేళ్లపాటు ఐదుగురు ప్రతి శనివారం ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం చాలా పెద్ద విషయం. నేను ఆడిన గ్రూపుల్లో ఎక్కువ భాగం ఏ గొడవా లేకుండానే, అందరికీ ఒకే రోజు కుదరక ఆగిపోయాయి. మీకున్నది అంత సులువుగా మళ్లీ దొరకదు.

మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి రెండు మూడేళ్లు గుర్తొచ్చాయి. నేనూ డీ అండ్ డీతోనే మొదలుపెట్టాను. తర్వాత ఒక్కో ఆటా ఆడిస్తూ మీరు చేసిన పొరపాట్లన్నీ చేశాను. నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఏంటంటే, ప్రతి ఆటా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల నుంచి వేరే పని అడుగుతుంది. ఆ పనేంటో మనం ముందు చెప్పకపోతే, వాళ్లు పాత ఆటలో నేర్చుకున్న పనే చేస్తారు. మీ నలుగురూ చేసింది అదే.

డీ అండ్ డీ 1974లో వచ్చింది. దాన్ని తయారుచేసిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇద్దరూ చిన్న చిన్న బొమ్మలతో యుద్ధాలాడే ఆటల్లోంచి వచ్చినవాళ్లు. ఆ పుట్టుక ఇప్పటికీ రూల్స్‌లో కనిపిస్తుంది. పుస్తకం తెరిస్తే పోట్లాటకున్నన్ని రూల్స్ ఇంకే పనికీ ఉండవు. ఐదో ఎడిషన్‌లో కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) 14 ఉన్న ఫైటర్ సగటు లెక్కన పెరుగుతూ పోతే, పదో లెవెల్‌కి అతనికి 84 హిట్ పాయింట్లుంటాయి, అంటే అంత దెబ్బ తట్టుకోగలడు. ఒంట్లో పదే మిగిలినా, ఒక లాంగ్ రెస్ట్ అంటే ఎనిమిది గంటల విశ్రాంతి దొరికితే 84కి 84 వెనక్కొస్తాయి. నాలుగేళ్లు ఈ లెక్కలో బతికినవాళ్లకి తలుపు వెనక గీకుడు వినపడితే ఏం చేయాలనిపిస్తుంది? తలుపు పగలగొట్టాలనిపిస్తుంది. వాళ్ల మటుకు వాళ్లు తెలివైన పనే చేశారు.

కాల్ ఆఫ్ కుథూలు లెక్క వేరు. శాండీ పీటర్సన్ రాసిన ఈ ఆట 1981లో వచ్చింది. అందులో మీరు ఒక ప్రొఫెసరో, విలేకరో, పుస్తకాల షాపు యజమానో. హిట్ పాయింట్లు సాధారణంగా 10, 12 దగ్గర ఉంటాయి, ఎన్ని కథలు ఆడినా దాదాపు అక్కడే ఉంటాయి. నైపుణ్యం పెరుగుతుంది గానీ ఒళ్లు గట్టిపడదు. పైగా చూడకూడనిది చూసిన ప్రతిసారీ శానిటీ (మనసు నిబ్బరాన్ని కొలిచే అంకె) తగ్గొచ్చు, ఒకేసారి ఐదో అంతకంటే ఎక్కువో పోతే మనిషి అక్కడికక్కడే చెదిరిపోయే ప్రమాదం ఉంటుంది. తుపాకీ ఉన్నా అది మనుషుల మీద పనిచేసినట్టు మిగతా వాటి మీద పనిచేయదు. అందులో ఆ తలుపుకి గొళ్లెం పెట్టి, మెట్లెక్కి పరుగెత్తి, బయటికొచ్చి ఊపిరి పీల్చుకోవడమే గెలుపు. ఈ ఒక్క మాట ఆట మొదలుపెట్టకముందు మీరు చెప్పి ఉంటే ఆ ఇద్దరిలో ఒకరైనా తలుపు దగ్గర ఆగేవాళ్లు. 'ఇందులో మీరు వీరులు కాదు, మీకు భయం వేయడమే ఆట, పారిపోతే తప్పు కాదు' అని మూడు ముక్కలు చాలు.

ఇక ఆ ఉత్తరం. అది నన్ను కూడా బాగా ఏడిపించిన సమస్య. నేను ఆడించిన కథలో ఒక డెస్క్ ఉంది, దాని సొరుగు అడుగున అతికించిన ఒక తాళంచెవి ఉంది. అది దొరికితేనే తర్వాతి ఇంటికి వెళ్లగలరు. స్పాట్ హిడెన్, అంటే దాగినవి కనిపెట్టే నైపుణ్యం, వేయమన్నాను. ఇందులో నైపుణ్యం అంకె కంటే ఎక్కువ పడితే తప్పినట్టే. ఒకరికి 60 ఉంటే 83 పడింది. ఇంకొకరికి 45 ఉంటే 46 పడింది. అందరి చూపూ నా మీదే. ఏం చెప్పాలో తెలీక 'ఇంకోసారి వెతకండి' అన్నాను. మళ్లీ తప్పింది. అప్పుడు బల్ల చుట్టూ ఆవరించిన నిశ్శబ్దం నాకింకా గుర్తుంది, ఎవరో పెన్సిల్‌తో షీట్ అంచున గీతలు గీయడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత రాబిన్ లాస్ అనే డిజైనర్ ఆలోచన ఒకటి నాకు దారి చూపించింది. గమ్‌షూ అనే ఆయన పద్ధతిలో, సరైన చోట సరైన నైపుణ్యం ఉన్నవాడు వెతికితే ఆధారం దొరికి తీరుతుంది, డైస్ అక్కర్లేదు. పరిశోధన కథలో ఆసక్తి ఆధారం దొరుకుతుందా లేదా అన్నదాంట్లో ఉండదు, దొరికాక దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నదాంట్లో ఉంటుందని ఆయన వాదన. నూటికి నూరుపాళ్లు నిజం. దీన్ని కుథూలులోకి తెచ్చుకోవడానికి కొత్త పుస్తకం కొనక్కర్లేదు. ఉత్తరం ఎలాగూ దొరుకుతుంది. డైస్ పడితే చడీచప్పుడు లేకుండా దొరుకుతుంది. తప్పితే, సొరుగు లాగే చప్పుడుకి పైగదిలో ఎవరో నిద్రలేచి నడవడం వినపడుతుంది. ఏడో ఎడిషన్‌లో 'పుష్' అనే రూల్ కూడా ఇలాంటిదే. తప్పిన రోల్‌ని మళ్లీ వేయొచ్చు, కానీ ఈసారి తప్పితే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆటగాడు ఆ ప్రమాదం ఒప్పుకుని డైస్ చేతిలోకి తీసుకునే క్షణం చాలా బాగుంటుంది.

బ్లేడ్స్ ఇన్ ద డార్క్ విషయానికొస్తే, మీ బాధ చదివి నాకు నిజంగా అయ్యో అనిపించింది. మీవాళ్లు రెండు గంటలు ఏ పని చేశారో, ఆ పని చేయనక్కర్లేకుండా ఉండాలనే జాన్ హార్పర్ ఆ ఆట రాశాడు. పుస్తకంగా 2017లో వచ్చింది. అందులో ప్లాన్ అంటే ఆరు రకాల్లో ఒకటి ఎంచుకోవడం, దానికి ఒక్క వివరం చెప్పడం. దొంగచాటుగా వెళ్తున్నామంటే ఎటునుంచి దూరుతున్నామో చెప్పాలి. మోసం చేసి వెళ్తున్నామంటే ఆ మోసమేంటో చెప్పాలి. అంతే. వెంటనే పని ఎలా మొదలైందో తేల్చే ఎంగేజ్‌మెంట్ రోల్ వేస్తారు, కథ నేరుగా పని మధ్యలో మొదలవుతుంది. సామాను జాబితా కూడా ముందు రాయరు. తేలిగ్గా వెళ్తున్నారా, మామూలుగానా, బరువుగానా అన్నది ఎంచుకుంటారు. తేలిగ్గా అయితే మూడు వస్తువుల బరువు, మామూలుగా ఐదు, బరువుగా అయితే ఆరు. ఏ వస్తువన్నది అవసరం వచ్చినప్పుడు చెప్తారు.

మరి ముందుచూపు ఎక్కడ? ఫ్లాష్‌బ్యాక్‌లో ఉంది. నా బల్ల దగ్గర జరిగింది చెప్తాను. ముగ్గురు దొంగలు ఒక వ్యాపారి ఇంటి వెనక వాకిట్లో ఉన్నారు. తలుపు తెరుచుకుంది, లాంతరు పట్టుకుని కాపలావాడు ఎదురుపడ్డాడు. డీ అండ్ డీలో అయితే అందరూ ఇనిషియేటివ్, అంటే పోట్లాటలో ఎవరి వంతు ముందో తేల్చే డైస్, వేసేవాళ్లు. మాలో ఒకావిడ చేయెత్తి 'ఆగండి, నిన్న సాయంత్రం నేను ఈయన్ని కలిశాను' అంది. నిన్నటికి వెళ్లాం. కాపలావాడి కూతురికి జ్వరం, మందుకి డబ్బు లేదు, ఈవిడ వెళ్లి మందు ఇచ్చింది. దానికి ఆమె ఒక స్ట్రెస్ కట్టి, షీట్ మీద తొమ్మిది గళ్లలో ఇంకొకటి నింపుకుంది. డైస్ వేసింది, ఐదు పడింది. ఐదంటే పని అవుతుంది గానీ ఏదో ఒకటి మీద పడుతుంది. మళ్లీ ఈరోజుకి వచ్చాం. కాపలావాడు లాంతరు కిందికి దించి పక్కకు తప్పుకున్నాడు. తప్పుకుంటూ 'లోపల ఈరోజు ఇంకో ఇద్దరున్నారమ్మా, నాకు చెప్పకుండా పెట్టారు' అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఆ ఇద్దరి సంగతి నేను ముందు అనుకోలేదు, ఆ ఐదు వల్ల పుట్టింది.

అక్కడికి చేరడానికి నేను కూడా ఒక సాయంత్రం పాడుచేసుకున్నాను. పాత అలవాటు అంత గట్టిది. మీరు మళ్లీ ఆడిస్తే ప్లాన్ పేరు, ఒక్క వివరం బయటికి రాగానే మాట మధ్యలోనైనా సరే డైస్ వాళ్ల చేతికివ్వండి. 'అది మర్చిపోయాం, ఇది తీసుకెళ్లాలి' అని ఎవరైనా అంటే, 'దాన్ని ఫ్లాష్‌బ్యాక్‌లో చూసుకుందాం' అనండి. మొదటి ఫ్లాష్‌బ్యాక్ మీరే గుర్తుచేయాలి. రెండోది వాళ్లే అడుగుతారు.

ఇక్కడ ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి, ఈసారిది డీఎం అలవాటు. ఇరవై ముఖాల డైస్‌కి అలవాటుపడ్డవాళ్లం మనం. పడిందా, తగిలింది. తప్పిందా, ఏమీ జరగలేదు, తర్వాతివాళ్లు రండి. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ కలిసి చేసిన అపోకలిప్స్ వరల్డ్ 2010లో వచ్చింది, దాని దారిలో తర్వాత బోలెడన్ని ఆటలొచ్చాయి. అందులో రెండు మామూలు డైస్ వేస్తారు. పదో అంతకంటే ఎక్కువో పడితే పని పూర్తిగా అవుతుంది. ఏడు నుంచి తొమ్మిది పడితే అవుతుంది, కానీ ఏదో ఒకటి వదులుకోవాలి. ఆరో అంతకంటే తక్కువో పడితే ఎంసీ, అంటే మనలాంటివాళ్లు, కథను గట్టిగా ఒక మలుపు తిప్పాలి. ఏ బోనస్సూ లేకపోతే ముప్పై ఆరు అవకాశాల్లో ఆరు మాత్రమే పూర్తి విజయం, పదిహేను మధ్యరకం, పదిహేను తప్పిపోవడం. అంటే 'ఏమీ జరగలేదు' అనే ఫలితం ఆ ఆటలో లేనే లేదు. ఎంసీ ఒక్కసారి కూడా డైస్ ముట్టుకోడు. మొదటిసారి ఆడించినప్పుడు నేను మధ్యరకం ఫలితాన్ని సగం ఓటమిలా చెప్పాను. ప్రతి ఏడుకీ ఏదో ఒక దెబ్బ వేశాను. ఆడేవాళ్లు నీరుగారిపోయారు. 'తాడు దొరికింది, కానీ అందరికీ సరిపోదు, ఎవరు ఆఖరున దిగుతారు?' అని అడగడం నేర్చుకున్నాకే ఆ బల్ల దగ్గర మాటలు ఊపందుకున్నాయి. బ్లేడ్స్ కూడా ఈ కుదురులోంచి వచ్చిందే, కాబట్టి మీకూ పనికొస్తుంది.

ఇప్పుడు మీ విసుగు సంగతి. శుక్రవారం రాత్రి ఒంటిగంట దాకా మ్యాపులు గీస్తున్నానని రాశారే, నేను అక్కడ ఆగిపోయాను. మీకు విసుగొచ్చింది డీ అండ్ డీ మీదా, డీఎం కుర్చీ మీదా? వచ్చే వారం ఇంకెవరో డీఎంగా కూర్చుని, మీకో క్యారెక్టర్ ఇచ్చి, 'ఇదిగో గుహ, ఏం చేస్తావు?' అని అడిగితే మీకు ఆడాలనిపిస్తుందా? ఒక్క క్షణం ఊహించుకోండి. ఆడాలనిపిస్తే మీకు కావలసింది వేరే ఆట కంటే ముందు విశ్రాంతి. నాకు ఆ తేడా తెలియక దాదాపు ఏడాది నలిగిపోయాను. ఆట మీద కోపం అనుకున్నది, నలుగురి సరదా బరువు ఒక్కడినే మోస్తున్నానన్న అలసట. ఇది వాళ్లకు చెప్పండి. 'ఈ ఆట బాగాలేదు' అంటే నాలుగేళ్లుగా వాళ్లు ప్రేమించినదాన్ని తప్పుపట్టినట్టు వినపడుతుంది. 'నేను అలిసిపోయాను, ఒక నెల నన్ను కూడా ఆడేవాళ్లలో కూర్చోనివ్వండి' అంటే స్నేహితులు కాదనరు.

అందుకే మీ మొదటి ఎంపికలు జీఎం (డీఎంలాగే కథ నడిపించేవాడు) లేని ఆటలైతే బాగుంటుందని నా అభిప్రాయం. జేసన్ మార్నింగ్‌స్టార్ చేసిన ఫియాస్కో 2009లో వచ్చింది. ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చు. మీరు ఐదుగురు, సరిగ్గా సరిపోతారు. పెద్ద ఆశలు, తక్కువ నిగ్రహం ఉన్న మామూలు మనుషులు ఒక పిచ్చి పని నెత్తికెత్తుకుని ఎలా మునిగిపోతారన్నది కథ. మీ వంతు వచ్చినప్పుడు సీన్ మీరు మొదలుపెడతారా, ముగింపు మీరు నిర్ణయిస్తారా అన్నది ఎంచుకుంటారు. రెండోది మిగతావాళ్ల చేతిలో ఉంటుంది. ముందురోజు సిద్ధం చేసుకోవాల్సింది ఏమీ లేదు. మీ శుక్రవారం రాత్రి మీకు మిగులుతుంది.

మీవాళ్లు నటించడానికి మొహమాటపడేవాళ్లయితే ఏవరీ ఆల్డర్ చేసిన ద క్వైట్ ఇయర్ ఇంకా మంచిది. పేకముక్కలు 52, ఏడాదిలో వారాలు 52. ఒక్కో ముక్క తీస్తూ, అందరూ కలిసి ఒకే కాగితం మీద ఒక చిన్న సమాజం మ్యాప్ గీస్తారు. ఎవరికీ సొంత క్యారెక్టర్ ఉండదు. మ్యాపులు గీసి గీసి విసిగిన మీరు, ఇంకొకరు గీసిన నది పక్కన ఒక గుడిసె బొమ్మ వేస్తే ఎలా ఉంటుందో చూడండి. మా బల్ల మీద ఒకతను మూడో వారంలో మ్యాప్ మూలన ఒక బావి గీసి ఏమీ చెప్పకుండా కూర్చున్నాడు. ఆటలో మిగిలిన వారాలన్నీ ఆ బావి చుట్టూనే నడిచాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

కథ నడిపించే కుర్చీలో మీరే ఉంటే తప్ప మీవాళ్లకి ధైర్యం రాదనుకుంటే, డ్రెడ్ ఆడించండి. నేను చూసినవాటిలో డీ అండ్ డీ వాళ్లు ఒక్క సాయంత్రంలో మనసు పారేసుకున్న ఆట అది. అందులో డైస్ లేవు. బల్ల మధ్యలో చెక్కముక్కల జెంగా టవర్ ఉంటుంది. కష్టమైన పని చేయాలంటే ఒక ముక్క లాగి పైన పెట్టాలి. మీ చేతిలో టవర్ పడిపోతే మీ క్యారెక్టర్ కథలోంచి పోయినట్టే. భయం ఎలా పుట్టించాలా అని మీరు వర్ణనలు చేయక్కర్లేదు, రెండో గంటకల్లా టవర్ దానంతట అదే పుట్టిస్తుంది.

మా గ్రూపులో ఒకతను ఉండేవాడు. మూడేళ్లలో ఆటలో అతను మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తన వంతు రాగానే 'కొడతాను' అనేవాడు, డైస్ వేసేవాడు. అతనికి అసలు ఇష్టముందా అని నాకు అనుమానంగా ఉండేది. డ్రెడ్ ఆడిన రోజు మంచుకొండ మీద ఇరుక్కున్న కథ. టవర్‌లో ఖాళీలే ఎక్కువగా కనిపిస్తున్నాయి, ఎవరూ గట్టిగా గాలి పీల్చట్లేదు, బల్లకి మోకాలు తగలకుండా అందరం కుర్చీలు వెనక్కి జరుపుకున్నాం. తాడు తెగబోతోంది, కింద ఇద్దరు వేలాడుతున్నారు. అతని వంతు. చేయి టవర్ దాకా తెచ్చి ఆపాడు. 'ఇందులో కావాలని పడగొట్టొచ్చన్నారు కదా?' అని అడిగాడు. అన్నాను. కావాలని పడగొడితే క్యారెక్టర్ పోతుంది, కానీ అనుకున్న పని జరిగి తీరుతుంది. అతను అరచేత్తో టవర్‌ని మెల్లగా ఒక్క తోపు తోశాడు. ముక్కలు నేల మీద దాకా దొర్లాయి. 'వాళ్లిద్దరూ పైకొచ్చేశారు. నేను తాడు వదిలేశాను' అన్నాడు. ఎవరూ కాసేపు నోరు మెదపలేదు. అంత పెద్ద వాక్యం అతని నోటి నుంచి మేం వినడం అదే మొదటిసారి. మూడేళ్లుగా అతనికి మాటలు రాక కాదు, మేం ఆడిన ఆట అతన్ని 'ఎంత దెబ్బ తగిలింది?' అని తప్ప ఇంకేమీ అడగలేదు.

అందుకని వచ్చే శనివారం మీరు డీ అండ్ డీయే ఆడించండి, కానీ నలుగురినీ గమనిస్తూ ఆడించండి. ఎవరు ఎప్పుడు ముందుకి వంగి కూర్చుంటున్నారో చూడండి. పోట్లాటలో లెక్కలు వేసేటప్పుడా, ఊళ్లోవాళ్లతో మాట్లాడేటప్పుడా, చిక్కుముడి విప్పేటప్పుడా? ఎవరు ఎప్పుడు ఫోన్ చూసుకుంటున్నారు? పోట్లాటలో ఎత్తులు వేయడమే వాళ్లకి ప్రాణమైతే ఫియాస్కో పెట్టి వాళ్లను ఇబ్బంది పెట్టకండి. అలాంటివాళ్లకి డీ అండ్ డీ నిజంగా మంచి ఆట, దాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. అలాగే డీ అండ్ డీనే అటూ ఇటూ మార్చి భయం కథలూ, ప్రేమ కథలూ, పరిశోధనలూ అన్నీ ఆడేయొచ్చనే వాళ్లతోనూ ఏకీభవించను. 84 హిట్ పాయింట్లున్న మనిషికి కింది గది తలుపంటే భయం పుట్టించడం ఎంత కష్టమో నేను చేసి చూశాను.

కొత్త ఆట పెట్టే రోజు కూడా జాగ్రత్తగా ఎంచుకోండి. క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మధ్యలో ఆపొద్దు. ఒక అధ్యాయం ముగిశాక గానీ, ఎవరో ఒకరు రాలేని శనివారం గానీ మంచి అదను. 'ఈ ఒక్క రోజే, మన కథ మన కథే' అని గట్టిగా చెప్పండి. ఎవరికీ పుస్తకం చదివి రమ్మని చెప్పకండి. నాలుగేళ్లు కష్టపడి ఒక ఆటలో ఆరితేరినవాళ్లకి మళ్లీ మొదటి పేజీ నుంచి నేర్చుకోమంటే మనసులో చిన్నతనంగా ఉంటుంది, పైకి చెప్పరు. రూల్స్ మీ తలలో పెట్టుకుని, అవసరం వచ్చినప్పుడు ఒక్కోటి చెప్పండి. అసలు రూల్స్ అంటేనే బెదిరితే జాన్ హార్పర్‌దే లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఉంది, మొత్తం ఆట ఒక్క పేజీ, ఉచితం. రెండు నుంచి ఐదులోపు ఒక అంకె ఎంచుకుంటారు. బుర్ర, యంత్రాలతో పనైతే డైస్ ఆ అంకె కంటే తక్కువ పడాలి, మనసు, మాటలతో పనైతే ఎక్కువ పడాలి. ఐదు నిమిషాల్లో అంతరిక్షంలో ఉంటారు. అది దీర్ఘకాలం నిలిచే ఆట కాదు, కానీ 'కొత్త ఆట అంటే చచ్చే చదువు' అనే భయాన్ని పోగొడుతుంది.

ఫియాస్కో, డ్రెడ్‌ లాంటివి ఒక్కసారి ఆడి నచ్చిందో లేదో చెప్పేయొచ్చు. బ్లేడ్స్‌కి మాత్రం మూడు సెషన్లయినా ఇవ్వాలి, ఎందుకంటే మొదటిదంతా పాత అలవాట్లు వదిలించుకోవడానికే పోతుంది. భయం కథలు ఆడితే మాత్రం ఎవరికి ఏ విషయం కథలోకి రాకూడదో ముందే అడిగి పెట్టుకోండి. బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు ఒకటి ఉంచి, ఎవరు దాన్ని ముట్టుకున్నా కారణం అడక్కుండా ఆ సీన్ దాటేయండి. ఎంత పాత స్నేహితులైనా ఇది చేయండి.

ఇవన్నీ చేశాక కూడా వాళ్లు వద్దంటే? అప్పుడు శనివారం వాళ్లతో, వీలైతే ఇంకో రోజు ఇంకొకరితో. రెండో గ్రూపులో ఆడితే మొదటి గ్రూపుకి ద్రోహం చేసినట్టు కాదు. ఎవరూ దొరక్కపోతే షాన్ టాంకిన్ రాసిన ఐరన్‌స్వార్న్ ఒంటరిగా ఆడేలా ఉంటుంది, ఉచితంగా దొరుకుతుంది. నేను దాన్ని నిద్రపట్టని రాత్రుల్లో మొదలుపెట్టాను. జీఎం చెప్పే మాటలు మనకు మనమే చెప్పుకుంటే బాగుండదేమో అనుకున్నాను. కానీ డైస్ నన్ను ఆశ్చర్యపరుస్తూనే ఉంది.

చివరిగా ఆ షీట్ నాలుగు మడతలు పెట్టిన స్నేహితుడి గురించి. మిగతా ముగ్గురి కంటే ముందు అతనితో మాట్లాడండి, ఒంటరిగా. అతను పోగొట్టుకున్నది ఆ సాయంత్రమేనా, ఆ క్యారెక్టర్‌ని కూడానా? కింది గదిలో చచ్చిపోయిన ఇద్దరిలో ఒకరు అతని క్యారెక్టరే అయితే, ఆ మనిషి ఎవరు, ఆ క్యారెక్టర్ కోసం మీవాడు ఏం అనుకుని వచ్చాడో అడగండి. కొత్త క్యారెక్టర్ తయారుచేయడానికి చాలామంది చాలా ఆలోచిస్తారు, పది నిమిషాల్లో అది పోతే ఆ ఆలోచనంతా ఎవరూ వినకుండానే పోతుంది. నేను ఒకసారి ఇలా అడిగినప్పుడు అవతలి మనిషి నలభై నిమిషాలు ఆపకుండా చెప్పింది. ఆవిడ విలేకరి పాత్రకి ఒక చెల్లెలుందట, ఆ చెల్లెలు అక్క కోసం వెతుక్కుంటూ వచ్చిందన్న మాటతో మా తర్వాతి కథ మొదలైంది. ఆ మడిచిన షీట్ ఇంకా మీ దగ్గరుంటే పారేయకండి. అతని దగ్గరికి తీసుకెళ్లండి.